స్టీలు, ఇత్తడి, నలుపు: ఇంట్లో ఏ లోహం పక్కన ఏది నప్పుతుంది?

ఇల్లు పూర్తికావస్తుండగా కొళాయిలు, తలుపు పిడులు, కర్టెన్ రాడ్లు, ఫ్యాన్లు, లైట్లు కొనే రోజులు వస్తాయి. అప్పటికి చేతిలో డబ్బూ, మనసులో ఓపికా రెండూ అడుగంటి ఉంటాయి. ప్లంబరు ఒక కొట్టుకు తీసుకెళ్తాడు, వడ్రంగి మరో కొట్టుకు, కరెంటు పనివాడు ఇంకో కొట్టుకు. ఏ కొట్టులో ఏది బాగుందనిపిస్తే అది కొనేస్తాం. తీరా ఇంట్లో దిగి హాల్లో కూర్చుని చుట్టూ చూస్తే తలుపు పిడి బంగారు రంగు, కర్టెన్ రాడ్ రాగి రంగు, ఫ్యాన్ కంచు రంగు, సోఫా కాళ్లు తళతళలాడే స్టీలు. విడివిడిగా అన్నీ మంచివే. కలిపి చూస్తే మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు.

దీనికి విరుగుడుగా అన్నీ ఒకే లోహంలో కొనమని చాలామంది చెబుతారు. నాకు ఆ సలహా నచ్చదు. మన ఇళ్లలో అది జరిగే పని కాదు. వంటింట్లో స్టీలు ఉంటుంది, పూజగదిలో ఇత్తడి ఉంటుంది, కిటికీలకు ఇనుప గ్రిల్లో అల్యూమినియం చట్రమో ఉంటుంది. అమ్మమ్మ కాలంనాటి బిందె ఒకటి హాల్లో మూలన చేరి ఉంటుంది. లోహాలు కలవడం ఎలాగూ తప్పదు కాబట్టి దేని పక్కన ఏది, ఎంత, ఎక్కడ అన్నది ముందే తేల్చుకోవడం మేలు. నేను పాటించే లెక్క ఇది: చేయి తగిలేచోట, నీళ్లు పడేచోట మన్నిక చూసి లోహాన్ని ఎంచుకోవాలి. కన్ను మాత్రమే పడేచోట అందం చూసి ఎంచుకోవాలి. ఈ రెండూ తారుమారైన ఇళ్లలోనే రెండేళ్లు తిరక్కుండా సామాన్లు మార్చాల్సి వస్తుంది.

పేర్లు పాతిక, ఛాయలు మూడే

కొట్టులో రోజ్ గోల్డ్, షాంపేన్ గోల్డ్, గన్ మెటల్, శాటిన్ నికెల్, యాంటిక్ బ్రాస్ అంటూ పేర్లు వరసపెట్టి చెబుతారు. అవన్నీ దాదాపు మూడు ఛాయల్లో ఇమిడిపోతాయి. స్టీలు, క్రోమ్, నికెల్, అల్యూమినియం తెలుపు ఛాయవి. ఇత్తడి, బంగారు పూత, రాగి, కంచు పసుపు ఛాయవి, లేదా అందులోనే ఎరుపు వైపు మొగ్గినవి. మూడోది నలుపు: పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో అంటించే పూత) వేసిన ఇనుము, మెరుపు లేని నల్ల కొళాయిలు. నలుపు మిగిలిన రెండింటి పక్కనా ఇబ్బంది లేకుండా ఒదుగుతుంది. గ్రిల్లులు, మెట్ల రెయిలింగు నలుపైతే ఆ ఇంటికి తర్వాత ఏ లోహం తెచ్చినా ఫరవాలేదు.

వేర్వేరు ఛాయలు పక్కపక్కన ఉంటే తప్పు లేదు. స్టీలు పక్కన ఇత్తడి కనిపిస్తే కావాలనే పెట్టినట్టు ఉంటుంది. రాగి అడుగున్న స్టీలు గిన్నెలు మన వంటిళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి, అవి ఎవరి కంటికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. బీదరు బిద్రీ పనిని చూడండి. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పోతపోసిన లోహంలో వెండి తీగను పొదిగి, చివర ఆ లోహాన్ని నల్లగా మారుస్తారు. నలుపూ తెలుపూ అంత తేటగా విడిపోతాయి కాబట్టే ఆ పనికి అంత అందం.

చిక్కంతా దగ్గరదగ్గరగా ఉండి కలవని వాటితోనే. మేలిమి బంగారు గాజుల మధ్య ఒక వన్‌గ్రామ్ గాజు ఎలా పట్టిచ్చేస్తుందో, అసలైన ఇత్తడి పిడి పక్కన బంగారు పూత స్విచ్‌బోర్డు అలాగే పట్టిచ్చేస్తుంది. బంగారు రంగు అని ఒక కంపెనీ అమ్మేది నిమ్మపండు పసుపు, మరో కంపెనీ అమ్మేది ఎరుపు కలిసిన పసుపు. అందుకే ఒకే ఛాయలో రెండు వస్తువులు కొంటున్నప్పుడు అవి ఒకే కంపెనీవి, ఒకే శ్రేణివి కావాలి. అది కుదరకపోతే ఛాయనే మార్చేయండి. సరిపోయీ సరిపోని జత కంటే తేటతెల్లమైన తేడా ఎప్పుడూ నయం.

మెరుపు సంగతి కూడా ఇదే. తళతళలాడే క్రోమ్ పక్కన గరుకు మెరుపున్న బ్రష్డ్ స్టీలు పెడితే రెండోది మాసిపోయినట్టు కనిపిస్తుంది. ఒకే ఛాయలో మెరుపు కూడా ఒకటే ఉండాలి. ఛాయలు వేరైతే ఒకటి మెరిసేదీ, ఒకటి మెరవనిదీ కావచ్చు. నిజానికి అలా ఉంటేనే కంటికి హాయి.

ఒకటా, రెండా, మూడా?

ఒకే లోహం సరిపోయేచోట్లు ఉన్నాయి: చిన్న స్నానాల గది, చేతులు కడుక్కునే మూల, అద్దెకిచ్చే ఇల్లు. పాడైతే మార్చడం తేలిక, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. అలాంటిచోట్ల క్రోమ్ కొని నిశ్చింతగా ఉండండి.

సొంత ఇంటి హాలుకూ వంటింటికీ నా ఓటు రెండు లోహాలకే. ఒకటి ఏలాలి, రెండోది తోడుండాలి. చూపు ఆనే లోహంలో పదింట ఏడు వంతులు మొదటిది, మూడు వంతులు రెండోది అనుకుంటే చాలు. చెరిసగం చేస్తే రెండూ పోటీపడతాయి. తోడుండే లోహం గదిలో కనీసం రెండుచోట్ల కనిపించాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. ఒక్క ఇత్తడి దీపం మాత్రమే వేలాడుతుంటే దారితప్పి వచ్చినట్టుంటుంది. అదే ఇత్తడి టీపాయ్ అంచులోనో, పటం చట్రంలోనో మరోసారి కనిపిస్తే గదికి ఒక పొందిక వస్తుంది.

మూడో లోహం కావాలంటే అది నలుపు కావాలి. తెలుపు, పసుపు, వాటి మీద రాగి కూడా అంటే పెద్ద హాలులో కూడా నెగ్గుకురావడం కష్టం.

ఏలే లోహాన్ని ఎలా తేల్చుకోవాలంటే, మార్చలేని వాటిని ముందు లెక్కపెట్టండి. అపార్టుమెంటు అయితే కిటికీల చట్రాలు, బాల్కనీ రెయిలింగు బిల్డరు పెట్టినవే ఉంటాయి. వంటింట్లో సింకు, చిమ్నీ, ఫ్రిజ్ ఉంటాయి. వాటిని బట్టి ఏలే లోహం దానంతట అదే తేలిపోతుంది. చాలా ఇళ్లలో అది తెలుపు ఛాయే. ఇత్తడి తోడుగా వస్తే పూజగదికీ హాలుకూ చుట్టరికం కుదురుతుంది.

ఏ పూతకు ఎంత ఓపిక

క్రోమ్ అంటే ఇత్తడి ఒంటి మీద నికెల్, దాని పైన పలుచని క్రోమియం పొర. ఒళ్లు ఇత్తడిదైతే కొళాయి చేతిలో బరువుగా ఉంటుంది. జింకు మిశ్రమంతోనో ప్లాస్టిక్‌తోనో చేసి క్రోమ్ పూసినవీ అమ్ముతారు. అవి తేలిగ్గా ఉంటాయి, తొందరగా పొట్టు లేస్తాయి. నీళ్ల మరకలు కనిపిస్తాయి కానీ పొడిగుడ్డతో తుడిస్తే పోతాయి. ధరకు తగిన మన్నికలో దీనికి సాటి లేదు.

స్టెయిన్‌లెస్ స్టీలులో గ్రేడు చూసుకోవాలి. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. ధర తగ్గుతుంది, తడి తగిలేచోట తుప్పు చుక్కలు త్వరగా వస్తాయి. కొట్టువాళ్లు అయస్కాంతం పెట్టి చూపించి, అంటుకోలేదు కాబట్టి ఇది 304 అంటారు. ఆ పరీక్షను నమ్మకండి. 202కు కూడా అయస్కాంతం అంటుకోదు. సింకు, టవల్ రాడ్, రెయిలింగు కొనేటప్పుడు గ్రేడు ఎంతో బిల్లు మీద రాయించుకోండి. అయస్కాంతం ఇత్తడి కొనేటప్పుడు నిజంగా పనికొస్తుంది: అంటుకుంటే అది ఇత్తడి పూసిన ఇనుము.

బంగారు రంగులో రెండు రకాలున్నాయి, ధరలో తేడా ఎక్కువ, మన్నికలో తేడా ఇంకా ఎక్కువ. ఒకటి మామూలు పూత మీద వార్నిష్ వేసింది. రోజూ వేళ్లు తగిలేచోట కొన్నాళ్లకే తెల్లబడుతుంది. రెండోది పీవీడీ. గాలి తీసేసిన గదిలో టైటానియం, జిర్కోనియం వంటి లోహాలను ఆవిరి రూపంలో వస్తువు మీద పేరుస్తారు. టైటానియం నైట్రైడ్ అయితే బంగారు రంగు, జిర్కోనియం నైట్రైడ్ అయితే ఇత్తడి రంగు వస్తుంది. పొర మైక్రాన్ల మందమే అయినా చాలా గట్టిది. కొళాయికి, తలుపు పిడికి బంగారు రంగే కావాలనుకుంటే పీవీడీ తప్ప వేరేది కొనకండి. బడ్జెట్ సరిపోకపోతే ఆ రంగును లైట్లకు, పటాలకు పరిమితం చేసి కొళాయిలు క్రోమ్‌లో తీసుకోండి.

నల్ల కొళాయిల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఫొటోల్లో ఇవి ఎంతో అందంగా ఉంటాయి. బోరు నీళ్లున్న ఇంట్లో మాత్రం రోజూ వాటికి సేవ చేయాల్సిందే. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఆరి తెల్లటి మచ్చలు కడతాయి, అవి నలుపు మీద కనిపించినంతగా మరే రంగు మీదా కనిపించవు. గీకితే పూత పోతుంది, గీకకపోతే మచ్చ పోదు. హైదరాబాద్‌లో బోరు మీదో ట్యాంకరు మీదో ఆధారపడే కాలనీల్లో ఉంటే నలుపును కొళాయిల నుంచి తప్పించి, షవర్ అద్దం చట్రానికి, తలుపు పిడులకు, కర్టెన్ రాడ్లకు మళ్లించండి. మచ్చలు అతి తక్కువగా కనిపించేది బ్రష్డ్ నికెల్ మీద, బ్రష్డ్ స్టీలు మీద. నీళ్లలో ఈ లవణాలు ఎక్కువైతే నా మొదటి ఎంపిక అదే.

రాగి కంటికి ఇంపుగా ఉంటుంది, అంతే త్వరగా నల్లబడుతుంది. నీళ్ల బిందెకు, దీపపు డోముకు వాడుకోండి. రోజ్ గోల్డ్ మోజు ఎంతకాలం ఉంటుందో చెప్పలేం కాబట్టి మార్చడానికి తేలికైన వస్తువులకే పరిమితం చేయడం మంచిది.

అసలైన ఇత్తడి

ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. గాలి తగిలితే రంగు మారుతుంది, తడి నిలిస్తే చిలుము పడుతుంది. అది లోపం కాదు, ఆ లోహం స్వభావం. కొనేముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకోండి: ఇది ఎప్పుడూ తళతళలాడాలా, లేక వయసుతో ముదిరిన రంగు నచ్చుతుందా? రెండోది నచ్చేవాళ్లు పూత లేని ఇత్తడి తీసుకోవాలి. రోజూ చేయి పడేచోట అది దానంతట అదే నున్నగా మెరుస్తుంది, చేయి పడని అంచుల్లో గోధుమ రంగుకు ముదురుతుంది. పాత ఇళ్ల సింహద్వారాల మీది పిడుల్లో ఈ రెండు రంగులూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఏ కర్మాగారమూ ఆ అందాన్ని కొత్త వస్తువు మీదకు తేలేదు.

మెరుపు తగ్గదని చెప్పి అమ్మే ఇత్తడికి పైన లక్క లాంటి పారదర్శకమైన పూత ఉంటుంది. దాన్ని చింతపండుతో తోమకూడదు. చింతపండులోని ఆమ్లం పూత లేని ఇత్తడి మీది నల్లదనాన్ని చక్కగా కరిగిస్తుంది. పూత ఉన్నదాన్ని అలా రుద్దితే మాత్రం పూత అక్కడక్కడ చెదిరి మచ్చలమయం అవుతుంది. ఏది కొన్నామో ఇంట్లో తోమేవాళ్లకు చెప్పి ఉంచడం అవసరం. పూత లేనిదాన్ని కూడా తోమిన వెంటనే కడిగి పొడిగా తుడవాలి, నీళ్లు ఆరనిస్తే మరకలు పడతాయి.

ఇంటికి ఒక మంచి ఇత్తడి వస్తువు కొనాలనుకుంటే దూరం వెళ్లనక్కర్లేదు. జనగామ జిల్లా పెంబర్తిలో రేకును సాగగొట్టి చెక్కే పని ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో బిందెలు, పాత్రలు చేసే పని ఉంది. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. పెంబర్తి రేకు తాపడం పూజగది తలుపుకు ఎంత నిండుగా ఉంటుందో చూసినవాళ్లకు బంగారు రంగు ప్లాస్టిక్ అలంకారాలు కొనబుద్ధి కాదు. అలంకారానికి కేటాయించిన డబ్బును నాలుగైదు చిల్లర వస్తువుల మీద చల్లకుండా ఇలాంటి ఒక్క వస్తువు మీద పెట్టమని నేను గట్టిగా చెబుతాను.

స్నానాల గది: ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే

ఈ గదిలో లోహాలు కలపాలన్న కోరికను వీలైనంత అదుపులో పెట్టుకోండి. కొళాయి, షవర్, నీళ్లను కొళాయికో షవర్‌కో మళ్లించే డైవర్టర్, హెల్త్ ఫాసెట్ ఒకే కంపెనీవి, ఒకే పూతవి తీసుకోవాలి. మనవాళ్లు సాధారణంగా మరిచిపోయేవి చిన్న సామాన్లు. వాష్‌బేసిన్ కింద కనిపించే బాటిల్ ట్రాప్ (నీళ్లు బయటికి పోయే గొట్టం మలుపు), గోడ దగ్గర నీళ్లు కట్టేసే యాంగిల్ కాక్‌లు, బేసిన్ రంధ్రంలో బిగించే వేస్ట్ కప్లింగ్, నేల మీది జాలీ ఆ రంగులో ఆ కంపెనీ చేస్తుందో లేదో ముందే అడగాలి. పైన బంగారు రంగు కొళాయి పెట్టి కింద క్రోమ్ బాటిల్ ట్రాప్ వేలాడదీస్తే ఖర్చుపెట్టిన సొగసంతా పోతుంది. రెండో లోహం కావాలంటే అద్దం చట్రం, గోడ దీపం, టవల్ రాడ్ చాలు.

ఇంకొకటి చాలా జాగ్రత్తగా వినండి. గృహప్రవేశానికి ముందు టైల్స్ మీద సిమెంటు మరకలు పోవడానికి పనివాళ్లు యాసిడ్‌తో కడుగుతారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కొళాయి మీద ఒక్క చుక్క పడకపోయినా, తలుపు మూసిన గదిలో దాని ఆవిరే క్రోమ్ మీద మబ్బు పట్టిస్తుంది, 304 స్టీలు మీద కూడా గోధుమ చుక్కలు తెస్తుంది. ఆ తర్వాత వాటిని పోగొట్టడం కష్టం. యాసిడ్ పని పూర్తయి, గది నీళ్లతో బాగా కడిగి, గాలి ఆడి ఆరిన తర్వాతే కొళాయిలు బిగించాలి. ముందే బిగించేసి ఉంటే యాసిడ్ మాటే వద్దు. నివాసం మొదలయ్యాక కూడా యాసిడ్, బ్లీచింగ్ లోహాల దగ్గరకు రానివ్వకండి. తడిగుడ్డ, వంటసామాన్లు తోమే మెత్తని సబ్బు, చివర పొడిగుడ్డ సరిపోతాయి.

మిగిలిన గదులు

వంటింట్లో స్టీలే ఏలాలి. సింకూ కొళాయీ రెండూ బ్రష్డ్ స్టీలైతే పీచుతో తోమే అలవాటుకు తట్టుకుంటాయి. బంగారు రంగు కొళాయిని, నల్ల సింకును ఈ గదిలోకి తేవద్దనే నా సలహా. కప్‌బోర్డు పిడులు ఇత్తడివి కావాలంటే నునుపైనవి తీసుకోండి. నగిషీ ఉన్నవాటిలో నూనె జిడ్డు, పసుపు చేరి కూర్చుంటాయి. పొయ్యికి దగ్గరున్న డ్రాయర్లకు పిడి లేకుండా అంచునే పట్టుకుని తీసే అల్యూమినియం ప్రొఫైల్ మరీ సుఖం.

పూజగదికి ఇత్తడి తప్ప ఇంకో ఆలోచన అక్కర్లేదు. వెండి కుందులు, వెండి పళ్లెం ఉంటే అవి ఇత్తడి మధ్య చక్కగా అమరుతాయి.

హాల్లో ఫ్యాన్‌ను పైకప్పు రంగులోనే తీసుకుంటే లెక్కలోంచి ఒక లోహం తగ్గుతుంది. సింహద్వారానికి ఇత్తడి, లోపలి తలుపులకు శాటిన్ స్టీలు పెట్టడం నాకు బాగా నచ్చే జత. అయితే ఒకే తలుపు మీద పిడి, తాళం, గడియ, బందులు అన్నీ ఒకటే రంగులో ఉండాలి.

దీపం మారితే రంగు మారుతుంది

కొట్టులోని వెలుతురులో చూసి కొన్నది ఇంట్లో మరోలా కనిపించడం అందరికీ అనుభవమే. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు. మన ఇళ్లలో ఎక్కువగా వాడే తెల్లని ఎల్ఈడీ ట్యూబ్‌లు 6500 కెల్విన్లవి. ఆ వెలుగులో ఇత్తడి పాలిపోయి, కాస్త ఆకుపచ్చ జీర కొడుతుంది. 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు వెలుగులో అదే ఇత్తడి నిండుగా ఉంటుంది, స్టీలు కూడా మెత్తబడుతుంది. వంటింట్లో 4000 మధ్యస్థంగా ఉంటుంది. పసుపు దీపాలు ఇంట్లో పెద్దవాళ్లకు పడవనుకుంటే ఇత్తడి తగ్గించి స్టీలు, నలుపు జతకు వెళ్లండి.

బేరం కుదుర్చుకునే ముందు ఒక్కొక్క పిడి, ఒక చిన్న కొళాయి భాగం నమూనాగా అడిగి తెచ్చుకోండి. మీ ఇంటి నేల టైల్ మీద, కప్‌బోర్డు లామినేట్ ముక్క పక్కన వరసగా పెట్టి, పగలు కిటికీ దగ్గర ఒకసారి, రాత్రి మీ దీపం కింద ఒకసారి చూడండి. తడి వేళ్లతో తాకి, అలాగే ఆరనివ్వండి. ఏది వేలిముద్రలు పట్టుకుంటుందో, ఏది మీ నీళ్లకు మచ్చ కడుతుందో మర్నాడు ఉదయానికి కళ్లెదుటే ఉంటుంది.

సముద్రం దగ్గరి ఊళ్లకు

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి ఊళ్లలో ఉప్పుగాలికి పై లెక్కలు కొన్ని మారతాయి. బయట రెయిలింగుకు 304 స్టీలు పెట్టినా టీ మరకల లాంటి గోధుమ చారలు వస్తాయి. 316 గ్రేడులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకు అది బాగా తట్టుకుంటుంది. ఖర్చు ఎక్కువే అయినా సముద్రం వైపు బాల్కనీకి అదే తీసుకోండి, లోపల 304 చాలు. నల్ల పౌడర్ కోటింగ్ ఇనుముకు ఒకచోట పెచ్చు లేస్తే తుప్పు పూత కింద నుంచే పాకుతుంది కాబట్టి చిన్న గీతను కూడా వెంటనే పెయింటుతో మూయించాలి. ఎంత మంచి లోహమైనా అప్పుడప్పుడు మంచినీళ్లతో కడిగితే దాని మీద పేరుకున్న ఉప్పు పోతుంది.

ఇక్కడ లోహాలు కలపడంలో ఇంకో చిక్కుంది. తడి, ఉప్పు ఉన్నచోట రెండు వేర్వేరు లోహాలు ఆనుకుని ఉంటే వాటిలో బలహీనమైనది త్వరగా తినేయబడుతుంది. ఇత్తడి పిడికి ఇనుప మర వేస్తే మర తుప్పుపడుతుంది. అల్యూమినియం కిటికీకి స్టీలు మర వేస్తే మర చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడిపొడి అవుతుంది. ఇత్తడికి ఇత్తడి మరలే వేయించండి. అల్యూమినియానికి స్టీలు మర తప్పనప్పుడు మధ్యలో నైలాన్ వాషర్ పెట్టించండి. వడ్రంగి తన సంచిలోని మరలు తీయకముందే ఆ మాట చెప్పాలి.